తత్వమా, తత్త్వమా?

సందేహం: మా గ్రంథాలయంలో పుస్తకాల జాబితాను తెలుగులో రాస్తున్నాను. పాల్ ఎడ్వర్డ్స్ సంపాదకత్వంలో 1967లో వచ్చిన ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ’ 8 సంపుటాలు ఉన్నాయి. నేను ‘తత్వ నిఘంటువు’ అని రాస్తే, తోటి ఉద్యోగి ‘దర్శన కోశం’ అనమంటున్నారు. ఏది సరి? ‘తత్వ’లో తకారం ఒకటా, రెండా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, ముందు ‘నిఘంటువు’ను పక్కన పెట్టండి. మాటకు అర్థం చెప్పడం దాని పని. మన కడపలో ఇల్లు కొని, పండితులను కూర్చోబెట్టి పని చేయించిన బ్రౌను దొర 1852లో అచ్చు వేయించినది నిఘంటువు. మీ దగ్గరున్న సంపుటాలు ‘కారణం’ అన్న మాటకు అర్థం చెప్పి ఊరుకునేవి కావు. ఎవరేమన్నారు, ఎవరు కాదన్నారు, వాదం ఎందాకా వచ్చింది అని పేజీలకు పేజీలు నడుస్తాయి. అలాంటి గ్రంథానికి కొమర్రాజు లక్ష్మణరావుగారు వాడిన చక్కటి పేరు ఉండనే ఉంది, విజ్ఞాన సర్వస్వం. ‘కోశం’ తప్పు కాదు గాని, అమరకోశం వల్లించిన చెవికి అది పర్యాయపదాల పట్టీలా వినిపిస్తుంది.

‘దర్శనం’ నాకు ఎంతో ఇష్టమైన మాట. 14వ శతాబ్దిలో మాధవాచార్యులు చార్వాకంతో మొదలుపెట్టి 16 దర్శనాలను ఒక్క గ్రంథంలో కూర్చి ‘సర్వదర్శన సంగ్రహం’ అన్నారు. అక్కడ ఆ మాట నిండుగా ఉంది. ప్లేటో, కాంటు, ఆధునిక తర్కం అన్నీ ఉన్న పుస్తకం మీద ‘దర్శన’ అని కనబడితే మాత్రం మన వైపు పాఠకుడి మనసు ఒంటిమిట్ట రాముడి దగ్గరికే పోతుంది. ‘తత్త్వశాస్త్రం’ అనండి.

ఇక తకారం. తత్ + త్వం = తత్త్వం. ‘తత్’ చివరి తకారం, ప్రత్యయం మొదటి తకారం రెండూ నిలుస్తాయి. సత్త్వం, మహత్త్వం కూడా అంతే. కవిత్వం, పశుత్వం అలా కావు. కవి, పశు శబ్దాల చివర తకారం లేదు కదా. పలికేటప్పుడు రెండో తకారం చెవికి అందదు, ఎలా రాసినా మొదటి ‘త’ గురువే. అందుకే రాతలో ఒకటి జారిపోతూ వచ్చింది. పాత తాళపత్రాల్లోనూ ‘తత్వ’ కనబడుతుంది.

అయినా ‘తత్వం’ రాసినవారిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ‘నా ఒంటి తత్వానికి వంకాయ పడదు’ అనే అవ్వ చెప్పేది శరీర స్వభావం గురించి. బ్రహ్మంగారి మఠం వైపు రాత్రి భజనలో తంబుర మీటుతూ ‘ఇంకొక తత్వం అందుకోప్పా’ అంటే అది పాట. శాస్త్రం, స్వభావం, పాట మూడింటికీ ఒకే మాట కుదరడం తెలుగువాడు సంపాదించుకున్న సొత్తు. ఆ పాటలో రెండో తకారం ఇరికించనక్కర్లేదు.

మీ జాబితాలో ‘తత్త్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం, 8 సంపుటాలు’ అని రాసి, కింద అసలు పేరు తెలుగు లిపిలో ఉంచండి. వీరబ్రహ్మంగారి తత్వాల పుస్తకాలకు మాత్రం అట్ట మీద ఎలా ఉంటే అలాగే రాయండి.