ఏఐ ఏజెంటు చేతికి వాలెట్ ఇచ్చేటప్పుడు హద్దులు ఎక్కడ పెట్టాలి?

బ్లాక్‌చైన్‌లో టోకెన్లు (క్రిప్టో నాణేలు) పంపే, మార్చే పనిముట్లను ఏజెంటుకు ఇచ్చి, "రోజుకు 50 డాలర్లు దాటవద్దు, తెలియని చిరునామాకు పంపవద్దు" అని ప్రాంప్టులో రాస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ప్రాంప్టులో రాసేది ఏజెంటుకు మనం చేసుకునే విన్నపం మాత్రమే. 2024 నవంబరులో ఫ్రేసా అనే ఏజెంటుతో బహిరంగంగా ఒక పోటీ జరిగింది. ఎవరు అడిగినా డబ్బు పంపకూడదన్నదే దానికిచ్చిన ఆదేశం. అయినా 482వ సందేశం పంపిన వ్యక్తి, బదిలీని ఆమోదించే పనిముట్టు ఉన్నది లోపలికి వచ్చే డబ్బును స్వీకరించడానికేనని దాన్ని నమ్మించి, సుమారు 47 వేల డాలర్ల విలువైన ఈథర్‌ను (ఇథీరియం బ్లాక్‌చైన్ నాణేన్ని) రాబట్టుకున్నాడు.

కనుక లావాదేవీల మీద సంతకం చేసే రహస్య సంకేతం, అంటే ప్రైవేట్ కీ, ఏజెంటుకు అందకూడదు. మేము దానిని వేరే సర్వీసులో ఉంచాము; ఏజెంటు లావాదేవీని కోరుతుంది, ఆ సర్వీసు నియమాలు సరిచూసి సంతకం చేస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది గానీ, నేను రాసిన మొదటి నియమాలు ఎంత బోలుగా ఉన్నాయో అసలు డబ్బు లేకుండా పరీక్షించుకునే ఇథీరియం నెట్‌వర్క్ అయిన సెపోలియా టెస్ట్‌నెట్‌లో బయటపడింది. లావాదేవీలోని 'విలువ' గడి పరిమితికి లోబడి ఉందా, గ్రహీత చిరునామా అనుమతించిన జాబితాలో ఉందా అని మాత్రమే చూశాను. ఏజెంటు 500 పరీక్షా యూఎస్‌డీసీ (డాలరు విలువకు ముడిపెట్టిన టోకెను) పంపితే రెండు తనిఖీలూ నిక్షేపంగా దాటిపోయింది. యూఎస్‌డీసీ లాంటి ఈఆర్‌సీ-20 ప్రమాణపు టోకెను పంపేటప్పుడు ఆ గడిలో సున్నా ఉంటుంది, గ్రహీత స్థానంలో టోకెన్ కాంట్రాక్టు (ఆ టోకెన్‌ను చైన్ మీద నడిపే ప్రోగ్రాము) చిరునామా ఉంటుంది. అసలు గ్రహీత, అసలు మొత్తం రెండూ లావాదేవీలోని డేటా గడిలో ఉంటాయి. నేను కవరు చూసి ఉత్తరం చదివాననుకున్నాను.

ఆ డేటాను విప్పి చదవడం మొదలుపెట్టాక యూఎస్‌డీసీకి 6 దశాంశ స్థానాలు, ఈథర్‌కు 18 అన్న తేడాను కూడా నియమాల్లో రాయవలసి వచ్చింది. అంతకంటే ప్రమాదకరమైనది, మన టోకెన్లను మరొకరు తీసుకునేందుకు అనుమతినిచ్చే 'అప్రూవ్' ఫంక్షన్. దానివల్ల ఆ క్షణాన డబ్బు కదలదు కాబట్టి ఖర్చు లెక్కలోకి రాదు, కానీ అపరిమిత అనుమతి ఇచ్చామంటే ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టినట్టే. ఇప్పుడు మేము అవసరమైనంత మొత్తానికే, ఒకే కాంట్రాక్టుకు దానిని అనుమతించి, ఆ మొత్తాన్ని ఆనాటి ఖర్చుగానే లెక్కిస్తున్నాము. జాబితాలో లేని ఫంక్షన్ ఏదైనా తిరస్కరణే. పరిమితి దాటినది మనిషి ఆమోదానికి వెళుతుంది.

చైన్ మీది సమాచారాన్ని చదివే పనిముట్లకు ఇంత కట్టడి అక్కరలేదు. అయితే టోకెన్ పేరులో కూడా ఎవరైనా ఆదేశాలు దాచవచ్చు కాబట్టి, చైన్ నుంచి వచ్చే వచనాన్ని నమ్మదగినదిగా భావించకండి.

వీలైతే కొన్ని హద్దులను చైన్ మీదనే పెట్టండి. ఈఆర్‌సీ-4337 స్మార్ట్ ఖాతాలలో (నియమాలను కోడ్‌గా రాసుకోగల ఖాతాలలో) సెషన్ కీలకు, అంటే పరిమిత అధికారమున్న తాత్కాలిక కీలకు, గడువు, మొత్తం, ఫంక్షన్ల పరిమితులు విధించవచ్చు. 2025 మేలో పెక్ట్రా అనే ఇథీరియం నవీకరణతో వచ్చిన ఈఐపీ-7702 అనే మార్పు వల్ల మామూలు ఖాతాకు కూడా ఈ సౌకర్యం వచ్చింది గానీ, అసలు కీకి ఉన్న పూర్తి అధికారం అలాగే మిగిలి ఉంటుందని మరవవద్దు.

మరొక పొరపాటు కూడా చెబుతాను. ఆనాటి ఖర్చును మేము సంతకం అయ్యాక నమోదు చేసేవాళ్లము. ఒకేసారి వచ్చిన రెండు కోరికలు పాత లెక్కనే చూసి రెండూ ఆమోదం పొందాయి. అప్పటినుంచి మొత్తాన్ని ముందే పట్టి ఉంచి, లావాదేవీ విఫలమైతేనే తిరిగి విడుదల చేస్తున్నాము.