సైలేన్, జర్మేన్ కైనెటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తే జాబ్ వస్తుందా?

ప్రశ్న: సర్, నేను ఎమ్మెస్సీ ఫిజికల్ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్. సైలేన్ (సిలికాన్, హైడ్రోజన్ కలిసిన గ్యాస్), జర్మేన్ (జర్మేనియం, హైడ్రోజన్ కలిసిన గ్యాస్) గ్యాస్ ఫేజ్ రియాక్షన్ల కైనెటిక్స్, అంటే అవి ఎంత స్పీడ్‌గా జరుగుతాయనే దాని మీద ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీ సీటు ఇస్తామంటున్నారు. ఫ్రెండ్సేమో అది పాతబడిన సబ్జెక్ట్, డేటా సైన్స్ చేసుకో అంటున్నారు. ఆ గ్యాసులు డేంజర్ అంట కదా అని నాన్న భయం. చేరమంటారా?

జవాబు: చూడమ్మా, మీ ఫ్రెండ్స్ చెప్పింది సగం నిజమే. సైలేన్ విడిపోతే పుట్టే సైలిలీన్ అనే ముక్క రియాక్షన్ల రేట్లు నేరుగా కొలవడం 1980ల్లోనే మొదలైంది, తర్వాత ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీలో రాబిన్ వాల్ష్, స్పెయిన్ నుంచి రోసా బెసెర్రా లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని ముఖ్యమైనవన్నీ దాదాపు కొలిచేశారు, జర్మేన్ నుంచి అలాగే వచ్చే జర్మిలీన్‌తో సహా. కాబట్టి మిగిలిపోయిన ఇంకో నాలుగు రియాక్షన్ల రేటు కొలిచాను అనే థీసిస్‌తో బయటికొస్తే మాత్రం ఇంటర్వ్యూలో నిన్ను పట్టించుకునేవాళ్ళు తక్కువ. కానీ ఆ పని చేస్తూ చేతికొచ్చే విద్య ఉంది చూడు, దానికి డిమాండ్ తగ్గలేదు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తా. సైలేన్‌ని వేడి చేస్తే ఒక్కో హైడ్రోజన్ ఊడిపోతుందేమో అనుకుంటాం, నిజానికి హైడ్రోజన్ మాలిక్యూల్ ఒకేసారి బయటికొచ్చేసి సిలికాన్ మీద రెండు హైడ్రోజన్లే మిగులుతాయి, అదే సైలిలీన్. అది ఎంత చురుకంటే కనిపించిన సిలికాన్ హైడ్రోజన్ బాండ్‌లోకి దూరిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి ఫినైల్‌సైలేన్ లాంటి మాలిక్యూల్ మీద 193 నానోమీటర్ల లేజర్ పల్స్ కొడతారు, పుట్టిన సైలిలీన్‌ని 580 నానోమీటర్ల దగ్గర ఇంకో లేజర్‌తో చూస్తారు, మైక్రోసెకన్లలో సిగ్నల్ పడిపోతుంది. సైలేన్ పెంచుకుంటూ పోతూ ఆ పడే స్పీడ్‌ని గ్రాఫ్ గీస్తే స్లోపే నీ రేట్ కాన్‌స్టంట్. చెప్పడానికి నాలుగు లైన్లే, కానీ ఆ సిగ్నల్ నాయిస్ లేకుండా రావడానికి వాక్యూమ్ లీకులు, లేజర్ అలైన్‌మెంట్, డిటెక్టర్ అన్నీ నువ్వే చూసుకోవాలి.

అసలు మజా తర్వాత ఉంటుంది. సైలిలీన్, సైలేన్ కలిసి డైసైలేన్ (రెండు సిలికాన్లున్న మాలిక్యూల్) అయినప్పుడు అది ఎనర్జీతో ఊగిపోతూ పుడుతుంది, పక్కనున్న వేరే మాలిక్యూల్‌ని గుద్దుకుని చల్లబడితే నిలుస్తుంది, లేకపోతే మళ్ళీ విడిపోతుంది. అందుకే ప్రెజర్ పెంచితే రేటు పెరుగుతుంది, టెంపరేచర్ పెంచితే తగ్గుతుంది! వేడి పెరిగితే రేటు పెరుగుతుందని డిగ్రీలో చదివిన అర్హీనియస్ గ్రాఫ్ ఇక్కడ అడ్డం తిరుగుతుందన్నమాట. దీన్ని ఎనర్జీ నిండిన మాలిక్యూల్ ఎంత స్పీడ్‌గా విడిపోతుందో చెప్పే ఆర్‌ఆర్‌కేఎమ్ థియరీతో లెక్కగట్టాలి, క్వాంటమ్ కెమిస్ట్రీ సాఫ్ట్‌వేర్ వాడాలి, కోడ్ రాయాలి. డేటా సైన్స్‌కి పోదామన్నా ఈ అలవాటు పనికొస్తుంది, అది వేరే విషయం.

ఇక జాబ్ సంగతి. చిప్ తయారీలో సిలికాన్, సిలికాన్ జర్మేనియం పొరలు వేసేది ఈ గ్యాసులతోనే. సైలేన్‌లో ఒక హైడ్రోజన్ బాండ్ తెంచడానికి మోల్‌కి సుమారు 384 కిలోజౌల్స్ కావాలి, జర్మేన్‌లో సుమారు 349 చాలు, అందుకే జర్మేన్ తక్కువ వేడికే విడిపోతుంది, రెండూ కలిపినప్పుడు పొర ఎంత స్పీడ్‌గా పెరుగుతుంది, అందులో జర్మేనియం ఎంత ఉంటుంది అనేది చూసుకోవాలి. ప్రెజర్ ఎక్కువైతే ఆ సైలిలీన్ చేరుకుంటూ చేరుకుంటూ చైన్లు పెరిగి గ్యాస్‌లోనే పొడి తయారై వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచటి బిళ్ళ) మీద పడుతుంది, వేఫర్ పాడైపోతుంది. అయితే ప్రెజర్ బాగా తక్కువ ఉండే రియాక్టర్లలో గ్యాస్ కంటే సర్ఫేస్ మీద జరిగేదే ముఖ్యం, కాబట్టి గ్యాస్ ఫేజ్ ఒక్కటే తెలిస్తే సరిపోదు, సీవీడీ (గ్యాసుల నుంచి పొర వేసే పద్ధతి), ప్లాస్మా కూడా కాస్త పట్టుకో. పొరలు వేసే మెషీన్లు తయారుచేసే కంపెనీల్లో ప్రాసెస్ ఇంజనీర్ పోస్టులకి, కంబషన్, అట్మాస్ఫెరిక్ కెమిస్ట్రీ పోస్ట్‌డాక్‌లకి ఇదే టూల్‌కిట్ పనికొస్తుంది.

నాన్నగారి భయం ఉట్టిది కాదు. సైలేన్ గాలి తగిలితే అంటుకుంటుంది, ఒక్కోసారి వెంటనే అంటుకోకుండా పోగై తర్వాత పేలుతుంది, అదే ఎక్కువ ప్రమాదం. జర్మేన్ విషం. గ్యాస్ క్యాబినెట్, లీక్ డిటెక్టర్, ఎగ్జాస్ట్ ఉన్న ల్యాబ్‌లో రోజూ ఇదే పని చేసేవాళ్ళున్నారు, అవి సరిగ్గా లేని ల్యాబ్ అయితే ఎంత మంచి గైడ్ అయినా వద్దు, మొహమాటపడకు.

చేరేముందు ఒకసారి ల్యాబ్‌కి వెళ్ళి లేజర్ ఇప్పుడు నడుస్తోందా, రిపేర్‌లో ఉందా అని కళ్ళతో చూడు, రిపేర్‌కి డబ్బులు ఏ ప్రాజెక్ట్ నుంచి వస్తాయో కూడా అడుగు. ఎక్స్‌పెరిమెంట్‌తో పాటు కంప్యుటేషన్ నేర్పుతారా లేదా కనుక్కో. అన్నిటికంటే ముందు ఆ గ్రూప్ నుంచి ఈమధ్య బయటికెళ్ళిన సీనియర్స్‌తో గైడ్ లేనప్పుడు ఫోన్‌లో మాట్లాడు. వాళ్ళు సెమీకండక్టర్ కంపెనీల్లోనో మంచి పోస్ట్‌డాక్‌లోనో ఉంటే చేరిపో, ఏళ్ళు గడిచినా థీసిస్ సబ్మిట్ కాలేదని ఇద్దరు ముగ్గురు చెప్తే మాత్రం ఇంకో ల్యాబ్ వెతుక్కో.