నాలుగేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు: థీమ్‌పార్కా, క్రూజా?

ఇంత డబ్బు పోసి డిస్నీ లాంటి పార్కుకో, ఓడ మీద క్రూజ్‌కో వెళ్తే నాలుగేళ్ల పాపకీ తొమ్మిదేళ్ల బాబుకీ గిట్టుబాటవుతుందా అని అడిగారు. ఇద్దరినీ ఒకే ప్రయాణంలో సంతోషపెట్టాలంటే నా ఓటు క్రూజ్‌కే, అదీ నాలుగైదు రాత్రులదానికి. పార్కే కావాలంటే ఒక రెండేళ్లు ఆగి వెళ్లండి. ఆగలేకపోతే రెండు రోజుల టికెట్ చాలు.

పార్కు విషయంలో వయసు కన్నా ముందు ఎత్తు చూడాలి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌నే తీసుకోండి. అక్కడ సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రైడ్ ఎక్కాలంటే కనీసం 97 సెంటీమీటర్లు ఉండాలి, స్పేస్ మౌంటెన్‌కి 112, ట్రాన్ రైడ్‌కి 122. నాలుగేళ్ల పిల్లలు చాలామంది 100కి కాస్త అటూ ఇటూగా ఉంటారు. అంటే మీ పాప మొదటిది ఎక్కొచ్చు, మిగతా రెండూ ఎక్కలేదు. బాబు మూడూ ఎక్కుతాడు. ఆ తేడాతో రోజంతా అమ్మ ఒక పిల్లతో, నాన్న ఇంకో పిల్లాడితో తిరగాల్సి వస్తుంది.

క్యూ మొదట్లో ఒకసారి, బండి ఎక్కబోయే ముందు ఇంకోసారి కొలకర్ర పెడతారు. మడమలు నేలకి ఆనాలి, జుట్టు ముడి లెక్కలోకి రాదు. మొదటి దగ్గర ఎలాగో గట్టెక్కి, ముప్పావుగంట నిలబడ్డాక రెండో కొలత దగ్గర కర్రకీ తలకీ మధ్య వేలెడు సందు కనిపించిందంటే ఆ ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాదు. సిబ్బందిని బతిమాలి లాభం లేదు. ఒంటిని పట్టి ఉంచే బార్ ఒక ఎత్తు దాటిన వాళ్లకి సరిపోయేలా చేసినది, అంతకన్నా చిన్న పిల్ల దాని కిందనుంచి జారిపోగలదు. అందుకే ఇంట్లోనే కొలవండి, అదీ సాయంత్రం పూట. పొద్దున లేవగానే ఉన్న ఎత్తు రాత్రికి కాస్త తగ్గుతుంది. సరిగ్గా అంచు మీదున్న పిల్లకి ఆ కాస్తే ముఖ్యం. ఏ రైడ్లు కుదరవో పిల్లకి ఇంట్లోనే చెప్పేయండి.

పెద్దవాళ్లిద్దరూ ఉంటే రైడర్ స్విచ్ అడగడం మర్చిపోకండి. దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. ఒకరు పాపతో బయట ఉంటారు, ఇంకొకరు బాబుతో ఎక్కి దిగుతారు, తర్వాత రెండోవారు మామూలు క్యూలో మళ్లీ నిలబడకుండా వెళ్తారు. క్యూలోకి అడుగుపెట్టక ముందే ద్వారం దగ్గరున్న సిబ్బందికి చెప్పాలి, లోపలికెళ్లాక అడిగితే కుదరదు.

ఇక టికెట్. డిస్నీ వరల్డ్‌లో మూడేళ్లు నిండని పిల్లలకి ఉచితం, 3 నుంచి 9 ఏళ్ల వరకు పిల్లల ధర, 10 నిండితే పెద్దల ధర. పిల్లల ధర పెద్దల ధరకన్నా పెద్దగా తక్కువేం కాదు, కాబట్టి బాబుకి పదేళ్లు వచ్చేలోపు వెళ్లిపోవాలని కంగారు పడొద్దు. ఉచితం కదా అని రెండేళ్ల పిల్లని తీసుకెళ్లే వాళ్లనీ చూస్తుంటాం. గేటు దగ్గర టికెట్ ఉచితమే గానీ విమానం, గది, స్ట్రాలర్ (పిల్లని కూర్చోబెట్టి తోసే బండి), ఎండలో పోయిన మధ్యాహ్నం నిద్ర ఉచితం కావు.

పార్కులో ఎక్కువమంది చేసే తప్పు తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఉండాలనుకోవడం. టికెట్ డబ్బు రాబట్టాలన్న తపన అది, అర్థం చేసుకోదగ్గదే. కానీ తెరిచాక మొదటి గంటన్నరలో అయ్యే రైడ్లు మధ్యాహ్నం పూట మూడు గంటలు తిరిగినా అవవు. గేటు తెరవడానికి అరగంట ముందే అక్కడ ఉండండి, పెద్ద క్యూ ఉండే రైడ్లు ముందు ముగించండి, పన్నెండింటికి గదికి వెళ్లి పడుకోబెట్టండి, నాలుగింటికి మళ్లీ రండి. అదే టికెట్ మీద ఆ రోజు తిరిగి లోపలికి వెళ్లొచ్చు. ఇది జరగాలంటే గది పార్కుకి దగ్గరగా ఉండాలి. ఖర్చు పెట్టేదుంటే అక్కడ పెట్టండి, బొమ్మల దుకాణంలో కాదు. రోజుకి పది కిలోమీటర్ల నడక మామూలే, కాబట్టి నాలుగేళ్ల పిల్ల ఇంటి దగ్గర స్ట్రాలర్ మానేసినా అక్కడ కావాలి. డిస్నీలో 79 సెంటీమీటర్ల వెడల్పు, 132 పొడవు దాటిన స్ట్రాలర్‌ని రానివ్వరు. కొత్త బూట్లు మాత్రం వేయకండి.

క్రూజ్‌లో ఎత్తు గొడవ చాలావరకు ఉండదు, వయసే గీత గీస్తుంది. చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని బిడ్డని ఎక్కించుకోవు, మహాసముద్రం దాటే ప్రయాణాలకి ఏడాది నిండాలి. అసలు విలువంతా పిల్లల క్లబ్‌లో ఉంది, అంటే ఓడ సిబ్బంది పిల్లల్ని ఆడిస్తూ చూసుకునే చోట. రాయల్ కరీబియన్ లాంటి కంపెనీల్లో క్లబ్‌కి మూడేళ్లు నిండాలి, డైపర్ మానేసి ఉండాలి. కార్నివల్ కంపెనీ ఓడల్లో రెండేళ్ల నుంచే తీసుకుంటారు. మీ పాప క్లబ్‌కి సరిపోతుంది, బాబు కూడా. కాకపోతే చాలా ఓడల్లో వయసు బట్టి గదులు వేరు. అన్నయ్య పక్కనే ఉంటాడని పాపకి ముందే చెప్పి ఉంటే మొదటి రోజు ఇబ్బందే. ఓడ ఎక్కిన మధ్యాహ్నమే క్లబ్ తలుపులు తల్లిదండ్రులకి కూడా తెరిచి ఉంచుతారు. అప్పుడే చూపించి, పేర్లు నమోదు చేయించండి. రాత్రి 10 దాటాక పిల్లల్ని క్లబ్‌లో ఉంచితే చాలా ఓడల్లో గంటకి ఇంత అని విడిగా డబ్బు వేస్తారు.

ఈత కొలనుల నియమం చాలామందికి అక్కడికెళ్లాకే తెలుస్తుంది: డైపర్ వేసుకున్న పిల్లలు, అది ఈత డైపరైనా సరే, కొలనులో దిగకూడదు. కొన్ని ఓడల్లో వాళ్లకోసం విడిగా నీళ్లు చిమ్మే చోటు ఉంటుంది, కొన్నిట్లో అదీ ఉండదు. ఇంకో సంగతి, అన్ని ఓడల్లోనూ లైఫ్‌గార్డులు ఉండరు. పాప నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు ఒకరు చేతికందే దూరంలో ఉండాల్సిందే.

క్యాబిన్‌లో, అంటే ఓడలో మీ గదిలో, మొదటి ఇద్దరూ పూర్తి ధర కడతారు, మూడో, నాలుగో మనిషికి సాధారణంగా తగ్గుతుంది. అయితే నలుగురు పట్టే క్యాబిన్లు తక్కువ. పైగా లైఫ్‌బోట్లలో చోటు లెక్క నిండితే, క్యాబిన్‌లో పడక ఖాళీగా ఉన్నా మూడో మనిషిని చేర్చరు. అందుకని నలుగురూ ఉన్నవాళ్లు ముందుగా బుక్ చేసుకోవడమే మేలు. నాలుగో పడక తరచు సీలింగ్‌లోంచి దిగే పై బెర్తు, అది బాబుకే, పాపకి కింద పడక అడగండి.

రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకే ప్రయాణంలో వాంతులు ఎక్కువ. ఓడ ఎక్కువగా ఊగేది ముక్కు దగ్గరా తోక దగ్గరా, పై అంతస్తుల్లోనూ. కాబట్టి మధ్యలో, కింది అంతస్తులో క్యాబిన్ తీసుకోండి. కింది అంతస్తు సాధారణంగా చవక కూడా. మందు పిల్లల డాక్టర్ని అడిగి, ఒక మోతాదు ఇంటి దగ్గరే వేసి చూడండి. కొందరు పిల్లలు దానికి మత్తుగా పడుకోకుండా ఉల్టా గంతులేస్తారు. పెద్దలు చెవి వెనక అతికించుకునే పట్టీ పిల్లలకి వాడరు. చేతులు సబ్బుతో కడిగించండి. ఓడల్లో కడుపు ఇన్ఫెక్షన్ తెచ్చే నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు.

బుకింగ్ ధర చూసి లెక్క కట్టకండి. రోజుకి మనిషికింత చొప్పున సిబ్బంది టిప్పులు చాలా కంపెనీల్లో పిల్లలకి కూడా పడతాయి. కూల్ డ్రింకులు, ఇంటర్నెట్, రేవుల్లో టూర్లు అన్నీ విడిగానే. ఓడ డాక్టర్ ఫీజు కూడా అంతే, మామూలు ఆరోగ్య బీమా అక్కడ చెల్లకపోవచ్చు. సముద్రం మీంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా భరించే ప్రయాణ బీమా తీసుకోండి.

ఎక్కే రోజు పెద్ద సూట్‌కేసులు రేవులోనే తీసేసుకుంటారు, క్యాబిన్ గుమ్మం దగ్గరికి సాయంత్రానికి గానీ రావు. ఈత బట్టలు, మందులు, పాపకి ఒక జత, పాస్‌పోర్టులు చేతిసంచిలో పెట్టుకోండి.