2020 హరికేన్ సీజన్ 2005 కంటే తీవ్రమైనదా?

సంఖ్యలో అట్లాంటిక్ రికార్డు 2020దే, కానీ తుఫాన్ల మొత్తం శక్తిలో 2005దే పైచేయి. 2020లో పేరు పెట్టినవి 30. 2005లో 27, తర్వాతి సమీక్షలో పేరులేనిది ఇంకొకటి కలిసింది. శక్తి సూచీ మాత్రం 2005లో సుమారు 245, 2020లో 180. ప్రతి ఆరు గంటలకు తుఫాను గరిష్ఠ గాలివేగాన్ని నాట్స్‌లో (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) తీసుకుని, వర్గం కట్టి (అంటే దాన్ని దానితోనే గుణించి), అన్నీ కూడి 10,000తో భాగిస్తే వచ్చేదే ఈ సూచీ. వర్గం కట్టడంలోనే ఉంది అసలు తేడా: 40 నాట్స్ తుఫాను ఒక రోజుంటే 0.64, 120 నాట్స్‌దైతే 5.76, అంటే తొమ్మిది రెట్లు. 2020లో చాలావి బలహీనమైనవి, కొద్ది రోజులవి.

తుఫాన్లు తక్కువైతే నష్టమూ తక్కువేననుకోవడం పొరపాటు, ప్రమాదకరం కూడా. 1992లో పేరు పెట్టినవి ఆరే. వాటిలో మొదటిదైన ఆండ్రూ అత్యంత తీవ్రమైన ఐదో కేటగిరీ బలంతో ఫ్లోరిడాలోని హోమ్‌స్టెడ్‌ను దాదాపు నేలమట్టం చేసింది.