ఎముకల ఎక్స్‌రేలో వయసు ఎంతవరకు తెలుస్తుంది?

"ఎముకల పరీక్షలో 17 ఏళ్లు అని వస్తే అసలు వయసు అంతే అనుకోవచ్చా?" అని అడిగారు. అనుకోకూడదండీ. ఫోరెన్సిక్ విభాగంలో ట్రైనింగ్‌లో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకుని తప్పు చేశాను.

పుట్టిన తేదీ కాగితాలేవీ లేని ఒక అమ్మాయిని, అబ్బాయిని పరీక్షకు తీసుకొచ్చారు. అమ్మాయి మోచేతి ఎముకల చివర్లు పూర్తిగా అతుక్కుపోయాయి. అబ్బాయికి ఇంకా నల్లటి గీత కనిపిస్తోంది. అమ్మాయి రెండేళ్లు పెద్దదని ధీమాగా రాసేశాను. మా సీనియర్ చదివి, "వాళ్లమ్మతో మాట్లాడావా? ఇద్దరూ కవలలు" అన్నారు. తల ఎత్తలేకపోయాను. ఆడపిల్లల ఎముకలు మగపిల్లల కంటే ఏడాది, రెండేళ్లు ముందే అతుక్కుంటాయని పుస్తకంలో చదివినదే, చేతిలో ఫిల్మ్ పట్టుకునేసరికి గుర్తు రాలేదు.

ఆ నల్లటి గీత మృదులాస్థి, అంటే ఇంకా ఎముకగా గట్టిపడని మెత్తటి భాగం. ఎదిగే వయసులో ఎముక చివరకీ నడిమి భాగానికీ మధ్య ఉంటుంది, ఎక్స్‌రే కిరణాలను పెద్దగా ఆపదు. ఎదుగుదల ఆగాక అదీ ఎముకైపోతుంది. ఇది ఒళ్లంతా ఒకేసారి జరగదు. ముందు మోచేయి, తర్వాత మణికట్టు (మగపిల్లల్లో సుమారు 17-19), 20 దగ్గర్లో తుంటి ఎముక పై అంచు, అన్నిటికన్నా ఆఖరున కాలర్‌బోన్ లోపలి కొన. అది పూర్తిగా అతుక్కోవడానికి పాతికేళ్లు దాటొచ్చు. మామూలు ఎక్స్‌రేలో పక్కటెముకలు, వెన్నెముక దానికి అడ్డొస్తాయి కాబట్టి సీటీ తీస్తారు.

మణికట్టుకు ఎక్కువమంది వాడేది 1950లో వచ్చిన గ్రూలిక్-పైల్ అట్లాస్, అంటే ఏ వయసులో ఎముకలు ఎలా ఉంటాయో పోల్చి చూసుకునే ఎక్స్‌రేల పుస్తకం. అందులోని ఫిల్ములు అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో, కలిగిన ఇళ్లలో పెరిగిన పిల్లలవి. తిండి సరిగా అందని పిల్లల్లో, థైరాయిడ్ లోపం ఉన్నవాళ్లలో ఎముక ఎదుగుదల అసలు వయసు కంటే వెనకబడుతుంది. త్వరగా యుక్తవయసు వస్తే ముందుకెళ్తుంది.

కాబట్టి రిపోర్టులో ఒకే అంకె కాకుండా 'ఇంత నుంచి ఇంత వరకు' అని ఉండాలి. మణికట్టు పూర్తిగా అతుక్కుందంటే కింది హద్దు మాత్రమే తెలిసినట్టు. ఆ ఫిల్మ్‌లో 20 ఏళ్లవాడూ 40 ఏళ్లవాడూ ఒకేలా ఉంటారు. మీ రిపోర్టులో మణికట్టు ఒక్కటే చూసి '21 దాటింది' అని రాసి ఉంటే, అది ఎలా తేల్చారో గట్టిగానే అడగండి.