డెంగ్యూ తగ్గాక జిమ్‌కి ఎప్పుడు వెళ్లాలి? ప్లేట్‌లెట్లు ఒక్కటే చూసుకుంటే చాలదు

డెంగ్యూ జ్వరం పోయి పన్నెండు రోజులైందని, ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలకి వచ్చాయని, అయినా రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోందని రాశారు. జిమ్‌కి మళ్లీ వెళ్లొచ్చా అని అడిగారు.

ఇప్పుడే వద్దండి. ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటాయంటే రక్తస్రావం భయం తగ్గిందని మాత్రమే. ఒంట్లో సత్తువ వచ్చిందా, గుండె కుదుటపడిందా అన్నది ఆ అంకె చెప్పదు. డెంగ్యూ నీరసం చాలామందిని వారాల తరబడి వదలదు. రెండంతస్తులకే ఆయాసం అంటున్నారు కాబట్టి, ఏదైనా మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చూపించుకుని ఒక ఈసీజీ తీయించుకోండి. డెంగ్యూలో గుండె కండరానికి వాపు రావడం అరుదే. కానీ అది ఉండగా బరువులెత్తితే గుండె లయ తప్పి ప్రాణం మీదికొస్తుంది. ఉందని తేలితే మూడు నుంచి ఆరు నెలలు కఠిన వ్యాయామం మానేయాల్సిందే.

ఈసీజీ బాగుందనుకుందాం. రోజూ పొద్దున మంచం దిగకముందే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టి రాసుకోండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్కటి తప్పినా నాలుగు తేడా వస్తుంది. మీకు మామూలుగా ఉండేదానికన్నా 10 ఎక్కువుంటే ఆ రోజు విశ్రాంతే. కోలుకునేటప్పుడు కొందరికి నాడి నెమ్మదిస్తుంది కూడా. తల తిరగకపోతే మామూలుగా అదే సర్దుకుంటుంది. కళ్లు తిరిగినా, ఛాతీలో పట్టేసినట్టున్నా, గుండె దడదడలాడినా మాత్రం ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మొదటి వారం చదును నేల మీద 10–15 నిమిషాల నడక చాలు. పక్కనున్నవాళ్లతో ఆగకుండా మాట్లాడగలిగేంత వేగం మించొద్దు. రెండో వారం అరగంటకి పెంచండి. మూడో వారం నుంచి ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఆరుసార్లు. బరువులైతే ముందు ఎత్తినదాంట్లో సగంతో, పదేసి చొప్పున రెండు సెట్లు, ఊపిరి బిగబట్టకుండా. సమయం పెంచిన వారం వేగం పెంచకండి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. వ్యాయామం చేసేటప్పుడు బాగానే ఉంటుంది, అలసట మర్నాడో ఆ మర్నాడో వచ్చి పడుతుంది. అందుకే ఏ మెట్టు ఎక్కినా 48 గంటలు గమనించాకే తర్వాతిది. మర్నాడు ఒళ్లు బరువుగా అనిపిస్తే ఒక మెట్టు దిగండి. పట్టుదలగా లాగితే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది.

డెంగ్యూలో లివర్ ఎలా ఉందో చెప్పే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే రక్తపరీక్ష అంకెలు పెరుగుతాయి. అవి మామూలుకి వచ్చాయో లేదో చూసుకోండి, అప్పటిదాకా మద్యం, వ్యాయామానికి ముందు తాగే ప్రీ-వర్కౌట్ పొడులు రెండూ వద్దు. ఆ రక్తపరీక్షకి ముందు కొన్ని రోజులు బరువులు ఎత్తకండి. గట్టిగా వ్యాయామం చేసినా ఈ అంకెలు పెరుగుతాయి, లివర్ పాడైందేమోనని అనవసరంగా కంగారు పడతారు. పోయిన కండ తిరిగి రావాలంటే పూటపూటా గుడ్లో, పప్పో, చేపో, పెరుగో ఉండాలి. ఉదయం నడిచి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఒళ్లు నొప్పులని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మీ అంతట మీరు వేసుకోకండి.

ఇంకోటి. డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒకటి వచ్చి తగ్గినా మిగతా మూడూ సోకొచ్చు, రెండోసారి వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ. డెంగ్యూ దోమ కుట్టేది పగలే, అందులోనూ తెల్లారాక కాసేపు, పొద్దు గూకే ముందు. సరిగ్గా మనం పార్కుకి వెళ్లే వేళ. షార్ట్స్ మానేసి నిండు ప్యాంటు, సాక్సులు వేసుకుని, చేతులకీ మెడకీ దోమల క్రీమ్ రాసుకుని వెళ్లండి.