డబ్బానా, ఉగ్గా? చెల్లెలి కూతురికి ఒక ఉత్తరం

అమ్మలూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. అల్లుడుగారేమో పాపకి తినిపించడానికి ఆన్‌లైన్‌లో బేబీ సీరియల్ డబ్బాలు తెప్పించారు, మీ అత్తగారేమో ఉగ్గు బియ్యం కడిగి ఆరబోశారు, మధ్యలో నువ్వు ఎవరి మాట కాదనాలో తెలీక టెన్షన్ పడుతున్నావు. పైగా సెలవు అయిపోవస్తోంది. చట్టం ఇచ్చింది 26 వారాలు. పాపకి తిండి మొదలుపెట్టాల్సింది ఆరు నెలలు నిండాక. సరిగ్గా అప్పుడే బ్యాంకుకి వచ్చెయ్యమంటే ఏ తల్లికైనా కాళ్ళూ చేతులూ ఆడవు.

నా మాట ముందే చెప్పేస్తాను. డబ్బా పెట్టినంత మాత్రాన నువ్వు చెడ్డ తల్లివి కావు, ఇంట్లో చేసి పెట్టినంత మాత్రాన పాప బొద్దుగా అయిపోదు. అంగన్‌వాడీలో పనిచేసినన్నాళ్ళూ రెండు రకాల ఇళ్ళూ చూశాను. బరువు పెరగని పిల్లలు రెండు రకాల ఇళ్ళ నుంచీ వచ్చేవారు. ఏం పెడుతున్నారమ్మా అని అడిగితే ఒకటే జవాబు: పొద్దున పొడి కలిపిన జావ, సాయంత్రం మళ్ళీ అదే జావ. డబ్బాలోదీ పొడే, మన ఉగ్గూ పొడే. పొడితో మొదలుపెట్టు, ఫర్వాలేదు. పొడి దగ్గరే ఆగిపోకు. ఏడాది నిండేసరికి పాప మీ ఇంట్లో వండిన అన్నం, కూర తినాలి. అది మనసులో ఉంచుకుంటే ఏది కొనాలి, ఏది పట్టించాలి అన్న గొడవ సగం తీరిపోతుంది.

అసలు ఈ గొడవలో తిండి కంటే పరువు ఎక్కువ. మా కోనసీమలో ఒకప్పుడు డబ్బా అంటే హోదా. కువైట్ నుంచి వచ్చిన డబ్బా ఖాళీ అయ్యాక కూడా షోకేసులో కనపడాల్సిందే. ఇప్పుడు గాలి అటు తిరిగింది. 'మా పిల్లకి ప్యాకెట్ ఫుడ్ ముట్టించనేలేదు' అని చెప్పుకోవడం గొప్ప అయింది. తమాషా ఏంటంటే, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని మాత్రం ఎవరూ ప్యాకెట్ ఫుడ్ అనరు. అది ఫ్యాక్టరీలో తయారైనది కాదా? వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార కలిపిందే కదా? రెండున్నర కిలోల ప్యాకెట్ ఇంటికి వెళ్ళాక లడ్డూలైపోయి పెద్దవాళ్ళ నోట్లోకి పోవడం వేరే కథ. అది తింటూ ఎంచక్కా పెరిగిన పిల్లలు ఉన్నారు. పక్కన గుడ్డూ పప్పూ కూడా పెట్టిన ఇళ్ళల్లో మరీనూ.

ఇక మీ అత్తగారి ఉగ్గు సంగతి. మూడు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పెసరపప్పు, కడిగి నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టిస్తారు. దానికి వంక పెట్టడానికేమీ లేదు. కాకపోతే వీడియోలు చూసి అందులో పది రకాల పప్పులు, జీడిపప్పు, బాదం కలపొద్దు. ఏది పడలేదో తెలుసుకోవడానికి దారి ఉండదు. కొత్తది ఏదైనా ఒక్కటి పెట్టి, రెండు మూడు రోజులు చూసి, తర్వాత ఇంకోటి. వేరుశనగ వేస్తానంటే మచ్చ పడినవి, ముడుచుకుపోయినవి ఏరి పారెయ్యండి. వాటికి పట్టే బూజు విషం వేయించినా పోదు.

పిండిమర దగ్గర ఒక చిన్న పని ఉంది. నీ ముందు వాళ్ళు కారం పట్టించుకుని వెళ్ళి ఉంటారు. ముందు రెండు గుప్పెళ్ళ బియ్యం మరలో పోయించి ఆ పిండి విడిగా తీసెయ్యమను, తర్వాత ఉగ్గు పోయించు. ఎర్రటి జావ నోట్లో పెట్టుకుని పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే 'ఉగ్గు పడలేదు' అనుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఒకేసారి నెలల తరబడికి పట్టించి ఉంచకు. మన వానాకాలం తేమకి పిండి ఇట్టే మెత్తబడి పురుగు పడుతుంది. రెండు వారాలకి సరిపడా చాలు. తడి చెంచా డబ్బాలో పెట్టకండి.

ఇంట్లో చేసినదానిలో నేను ఎక్కువగా చూసిన లోపం పలచదనం. గొంతుకి అడ్డం పడుతుందన్న భయంతో పప్పు మీద తేరిన నీళ్ళు, గంజి, నీళ్ళలాంటి జావ పోస్తారు. ఏడు కిలోల పిల్ల పొట్టలో ఒక పూటకి పట్టేదే సుమారు 200 మి.లీ. అందులో నీళ్ళే నిండితే బలం ఎక్కడ పడుతుంది? చెంచాతో తీసి కాస్త వంచి చూడు. కారిపోకుండా చెంచాలోనే నిలవాలి, అదీ చిక్కదనం. మొదట్లో రెండు మూడు చెంచాలు, మెల్లగా పెంచుకుంటూ పోయి పూటకి చిన్న గిన్నెలో సగం. ఎనిమిది నెలల దాకా రోజుకి రెండు మూడు పూటలు, తొమ్మిది నుంచి మూడు నాలుగు. నీ పాలు మాత్రం మానకు, రెండేళ్ళ దాకా ఇవ్వొచ్చు. ప్రతి పూటా ఒక చెంచా నెయ్యి వెయ్యి.

చిక్కగా ఉంటే పాప మింగట్లేదంటావా, దానికో ఉపాయం ఉంది. రాగులు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, పట్టించి ఉంచుకో. ఉడికిన జావ దించాక వేడి కాస్త తగ్గనిచ్చి ఆ పిండి ఒక చెంచా కలుపు. రెండు నిమిషాల్లో చిక్కటి జావ నీ కళ్ళ ముందే పలచబడుతుంది. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి దించు. మొలకలో ఉండే ఎంజైమ్ గంజిని విరుస్తుంది. పిండి తగ్గలేదు, బలం తగ్గలేదు, మింగడం తేలిక.

డబ్బాకి న్యాయంగా రావలసిన మార్కులూ ఇవ్వాలి. పుట్టేటప్పుడు ఒంట్లో దాచుకున్న ఐరన్ ఆరు నెలలకి అడుగంటుతుంది. బియ్యం, పెసరపప్పు ఆ లోటు పూడ్చలేవు. సీరియల్ డబ్బాలో ఐరన్ కలిపి ఉంటుంది. ఉగ్గే పెడతానంటే దాంతోపాటు గుడ్డు, కార్జం, చేప, నిమ్మరసం పిండిన ఆకుకూర పప్పు ఉండాలి. గుడ్డు బాగా ఉడికించి, పచ్చసొన తెల్లసొన రెండూ పెట్టొచ్చు. చేపలంటే భీమవరంలో మీకు కొదవా? కొర్రమీనో పండుగప్పో ఆవిరి మీద ఉడికించి, వేళ్ళతో నలిపి ముల్లు లేదని చూసుకుని అన్నంలో కలుపు. పులస మాత్రం ఇప్పుడే వద్దు, దాని ముళ్ళు పెద్దవాళ్ళనే ఏడిపిస్తాయి. ఏ ఇంటి తిండి తిన్నా ఏఎన్ఎమ్ నర్సమ్మ దగ్గర ఐరన్ సిరప్ తీసుకో, ఆరు నెలల నుంచి వారానికి రెండుసార్లు 1 మి.లీ. విరేచనం నల్లగా వస్తే కంగారుపడకు.

డబ్బా కొనేటప్పుడు ముందు పక్కన రాసింది చదవకు, వెనక్కి తిప్పు. పదార్థాల పట్టీలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. పంచదార, దానికే ఇంకో పేరైన సుక్రోజ్, పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్ మొదటి వరసల్లో కనిపిస్తే షాపులోనే వదిలెయ్యి. 2024 ఏప్రిల్‌లో పెద్ద గొడవ అయింది గుర్తుందా? మన దేశంలో అమ్మే ఒక పేరున్న సీరియల్‌లో పూటకి సగటున దాదాపు 3 గ్రాముల పంచదార కలుపుతున్నారని స్విట్జర్లాండ్ సంస్థ ఒకటి బయటపెట్టింది. ఆ తర్వాత పంచదార కలపని రకాలూ వచ్చాయి, వెతికితే దొరుకుతాయి. డబ్బా మీద తల్లి బొమ్మా బిడ్డ బొమ్మా ఉండకపోవడం గమనించావా? దానికి కారణం 1992 నాటి చట్టం, 2003లో సవరించారు. రెండేళ్ళలోపు పిల్లల తిండికి ప్రకటనలూ ఇవ్వకూడదు, ఉచిత శాంపిళ్ళూ పంచకూడదు. అంత చట్టం ఉన్నా మనవాళ్ళు ఒకరికొకరు ఫార్వర్డ్ చేసుకుని ఆ లోటు తీరుస్తున్నారు. ఇన్‌స్టాలో 'అమ్మమ్మ ఉగ్గు' అంటూ అమ్మే ప్యాకెట్లు కూడా కొన్నవే. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, తయారైన తేదీ లేకపోతే ఎంత ముద్దుగా పేరు పెట్టినా తీసుకోకు.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళే రోజు ఇలా చెయ్యి. పొద్దున కుక్కర్‌లో అందరికీ పప్పు పెడతావు కదా, అందులోనే ఒక చిన్న గిన్నెలో బియ్యం, పెసరపప్పు, రెండు క్యారెట్ ముక్కలో ఆనపకాయ ముక్కలో వెయ్యి. ఉప్పు, కారం, తాలింపు పడకముందే పాపది పక్కకి తీసి చెంచాతో మెదిపెయ్యి. మిక్సీ వాడకు. తొమ్మిది నెలలొచ్చేసరికి చిన్న పలుకులు తగలాలి, లేకపోతే తర్వాత ముద్ద నోట్లో పెట్టుకోగానే ఉమ్మేస్తుంది. పళ్ళు రాలేదని ఆగక్కర్లేదు, చిగుళ్ళే నలిపేస్తాయి. పొద్దున చేసింది బయట పెట్టి మధ్యాహ్నం పెట్టొద్దు, మన ఎండలకి రెండు గంటలే గడువు. ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యాహ్నం పొగలొచ్చేదాకా వేడి చేసి, చల్లార్చి పెట్టమను. సాయంత్రం చక్కెరకేళి మెదిపితే అయిపోయింది. అన్నవరం వెళ్ళినప్పుడో, రైల్లోనో, నీకు జ్వరం వచ్చి లేవలేని రోజో డబ్బా తెరువు. దాని పని అదే, అందుకు మొహమాటం అక్కర్లేదు. కలిపే నీళ్ళు కాచి చల్లార్చినవి కావాలి. వేసవిలో కాలువలు కట్టేసి చెరువులు అడుగంటినప్పుడు మరీ జాగ్రత్త. క్యాన్ నీళ్ళైనా కాచాల్సిందే. పాల సీసాలో ఉగ్గు పోసి తాగించొద్దు, గిన్నే చెంచా చాలు.

మీ అత్తగారితో వాదనకి దిగకు. 'చప్పిడి కూడు పిల్లెలా తింటుందే' అంటారు, ఖాయం. ఏడాది దాకా ఉప్పు, పంచదార, బెల్లం వద్దని డాక్టర్ చేత చెప్పించు, నువ్వు చెప్పకు. చేప ముళ్ళు తీసే పని, ఉగ్గు వేయించే పని ఆవిడకే అప్పగించు. ఆ చేతి ఒడుపు నీకూ లేదు, నాకూ లేదు. అల్లుడుగారికి డబ్బా లేబుళ్ళు చదివే పని ఇవ్వు.

అన్నప్రాశన అయిదో నెలలో చెయ్యలేదని ఆవిడ చిన్నబుచ్చుకున్నారన్నావు. ఆడపిల్లకి బేసి నెల కావాలి, అంతేగా? ఆరు నెలలు నిండాక నడిచేది ఏడో నెల. శాస్త్రానికీ డాక్టరుకీ ఒకేసారి సరిపోయింది. పరమాన్నం నాలిక్కి రాసి, మిగతాది మనం తినేద్దాం.

నెలనెలా బరువు తూయించి కార్డులో గీత పైకి వెళ్తోందో లేదో చూడు. వరుసగా రెండు నెలలు కదలకపోతే డబ్బానా ఉగ్గా అని పంచాయితీ పెట్టుకోకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

మీ పెద్దమ్మ

మరిచాను. ఊరి నుంచి ఎవరైనా అడవి తేనె తెచ్చి నాకించమంటారు. ఏడాది నిండేదాకా తేనె చుక్క కూడా వద్దు, అందులో ఉండే క్రిములు పసిపిల్లల పేగుల్లో విషం పుట్టిస్తాయి. వేరుశనగ పలుకు, కొబ్బరి ముక్క, గుండ్రటి ద్రాక్ష, తాటిముంజె కూడా చేతికి ఇవ్వకండి, గొంతులోకి జారిపోతాయి.